కాచి చల్లార్చిన నీళ్ళలో కొర్రమీను

కొర్రమీను నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోగలదని చెబితే మా స్కూల్లో ఒక్కరూ నమ్మలేదు. చేప ఏమిటి, నీళ్ళలో ఊపిరాడకపోవడమేమిటి అని నవ్వారు. కొల్లేటి లంకలో పుట్టి పెరిగినదాన్ని కనుక నాకది పొద్దున్నే సూర్యుడు వస్తాడన్నంత మామూలు సంగతి. ఏలూరులో మాత్రం దాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. అదీ ఇన్‌స్పెక్ట్రెస్ గారి ఎదుట, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే రోజున.

అవి ముప్పయ్యో దశకం నడిమి రోజులు. రాజమండ్రిలో ట్రైనింగు పూర్తిచేసుకుని ఏలూరులో మిషను వాళ్ళ బాలికల పాఠశాలలో చేరి నాకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆరోగ్యశాస్త్రం, ప్రకృతి పాఠం చెప్పేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చి, నేను పాఠం చెబుతుంటే కూర్చుని విని, బాగుందంటే ఖాయం చేస్తారు. బాగులేదంటే పెట్టె సర్దుకోవడమే. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది, నోటికి గొళ్ళెం ఉండేది కాదు. పిల్లలకు మాత్రం నేనంటే ఇష్టం. కోప్పడినంత వేగంగానూ నవ్వేస్తానని వాళ్ళు కనిపెట్టేశారు.

మా నాన్న స్వభావం నాదానికి పూర్తిగా వ్యతిరేకం. కొల్లేట్లో తాటిదోనె వేసుకుని చేపలు పట్టేవాడు. పట్టినవాటిని కాలవ మీద ఏలూరు రేవుకు తెచ్చి అమ్మేవాడు. ఆయన నోటివెంట వద్దు, కాదు, కుదరదు అన్న మాటలు నేను అప్పటిదాకా ఎన్నడూ వినలేదు. దారికి అడ్డంగా పడుకున్న గేదెను కూడా "కాస్త పక్కకి జరగండి" అనే మనిషి. ఎవరేం చెప్పినా "అలాగేనండీ" అంటాడు. ఇద్దరు ఒకరికొకరు విరుద్ధంగా చెప్పినా ఇద్దరికీ "అలాగేనండీ" అనేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక దోనెలో కూర్చుని చుట్ట కాల్చుకుంటాడు. నేను అంత కోపిష్టిదాన్ని కావడానికి సగం కారణం ఆయన మెతకదనమే అని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి కదా!

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆమె అన్నగారు, మా మామయ్య, తాడేపల్లిగూడెంలో ఉండేవాడు. మా ఇంటి విషయాలన్నీ అక్కడి నుంచే తేలేవి. నా పెళ్ళి సంగతీ అంతే. అక్కడి బియ్యం మిల్లులో గుమాస్తా ఒకాయన ఉన్నాడనీ, సంఘంలో మంచి పేరుందనీ, నన్ను చర్చిలో చూసి సరేనన్నాడనీ మామయ్య కబురు చేశాడు. ఆయన మంచివాడే కావచ్చు. ఆయన తల్లి మాత్రం ముందే చెప్పేసింది. మా కోడలు పరాయి పిల్లలకు పాఠాలు చెప్పనక్కర్లేదు, మా ఇంట్లో దేనికీ లోటు లేదు, అని. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న యథాప్రకారం "అలాగేనండీ బావగారూ" అన్నాడు. నేను రేవులో పదిమంది వింటుండగా గోల పెట్టేసరికి, మళ్ళీ మామయ్య దగ్గరికి వెళ్ళి, అమ్మాయి ఉద్యోగం ఖాయమవుతుందేమో చూద్దామండీ, ఇన్‌స్పెక్షను అయ్యేదాకా ఆగండీ అని బతిమాలుకుని వచ్చాడు. ఖాయం కాకపోతే వెంటనే ప్రధానం చేసేద్దామని మామయ్య షరతు. దానికీ "అలాగేనండీ" అనే వచ్చాడు. అంటే నా బతుకు ఒక్క పాఠం మీద ఆగింది.

అందుకని ఆ పాఠాన్ని ఊరికే వదలదలచుకోలేదు. ఊపిరి గురించి చెప్పాలనుకున్నాను. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు అని బొమ్మ గీసి చూపించే పాఠం అందరూ చెప్పేదే. నాకు ట్రైనింగులో శరీరశాస్త్రం చెప్పిన డాక్టరమ్మగారు ఒకసారి పుస్తకంలో లేని సంగతి చెప్పారు. గాలిలోని ప్రాణవాయువు ఊపిరితిత్తులకు చేరుతుంది, అక్కడి నుంచి రక్తం దాన్ని ఒళ్ళంతా మోసుకుపోతుంది, ఇది అందరికీ తెలుసు. కానీ కండల్లో కూడా రక్తంలోని ఎర్ర పదార్థానికి తోబుట్టువులాంటిది ఒకటి ఉంటుందట. అది ప్రాణవాయువును కాస్త పట్టి దాచుకుంటుందట. ఎక్కువ కాలం పనిచేసే కండ ఎర్రగా ఉండడానికి అదే కారణమట. విలాయతు నుంచి ఆవిడకు వైద్య పత్రికలు వచ్చేవి. పండితులు ఈ మధ్యనే దీని గుట్టు విప్పుతున్నారని ఆవిడ మెరిసే కళ్ళతో చెప్పడం నాకిప్పటికీ గుర్తుంది. నేనైతే ఆ రోజు భోజనంలో కోడికూర వేస్తే తినకుండా కాలి ముక్కనూ రొమ్ము ముక్కనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

ఇన్‌స్పెక్షనుకు కూడా అదే చూపిద్దామనుకున్నాను. ఒక పళ్ళెంలో కోడి మాంసం, ఇంకో పళ్ళెంలో బాతు మాంసం. మా పెద్ద టీచరమ్మ గారు గుండె పట్టుకున్నారు.

"ఇన్‌స్పెక్ట్రెస్ గారు మాంసం ముట్టరమ్మా! వాసన కూడా పడదు. బల్లమీద మాంసం పెడితే ఆవిడ గుమ్మం కూడా తొక్కరు."

పెద్ద టీచరమ్మ గారు మెట్టప్రాంతం మనిషి. జంగారెడ్డిగూడెం వైపు ఊరు. మనసు వెన్న. శుభ్రం అంటే ప్రాణం పెడతారు. ముఖ్యంగా నీళ్ళ విషయంలో. కలరా రోజుల్లో ఏం చూశారో ఏమో, కాచి చల్లార్చి వడగట్టనిదే బడిలో ఒక్క చుక్క ఎవరినీ తాగనిచ్చేవారు కాదు. వంటింటి వెనకాల ఒక పెద్ద అండా ఎప్పుడూ కుతకుత ఉడుకుతూనే ఉండేది. మొక్కలకు కూడా ఆ నీళ్ళే పోయిస్తారని పిల్లలు చాటుగా నవ్వుకునేవారు.

మాంసం వద్దన్నారు కాబట్టి నేను బతికున్న కొర్రమీనును తెప్పిస్తానన్నాను. అది నీటిలో ఉంటూనే మాటిమాటికీ పైకి వచ్చి గుటుక్కున గాలి మింగి వెళుతుంది. ఊపిరి పాఠానికి అంతకన్నా ఏం కావాలి? చేప అయితే సరేనన్నారు ఆవిడ. ఆవిడ చేపను కూరలో తప్ప చూసిన మనిషి కాదని నాకప్పుడు తట్టలేదు.

ఇన్‌స్పెక్షను ముందురోజు మధ్యాహ్నం నాన్న కుండతో వచ్చాడు. మంచి బలమైన కొర్రమీను. కుండలో నీళ్ళు అడుగున మాత్రమే, చేప వీపు తడిసేంత. కొల్లేటి నుంచి ఏలూరుకు కొర్రమీనులను అలాగే తెస్తారు. బురద నీళ్ళు, పైన కాస్త నాచు. కుండను బడి ఆవరణలోనే ఉన్న నా గది వసారాలో పెట్టి, "రేపు పాఠం అయ్యేదాకా రేవులోనే ఉంటానమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆయన ముఖం చూస్తే ఇన్‌స్పెక్షను ఆయనకేనేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్న నేను పిల్లలకు జడలు వేయించి, వరసలో నిలబెట్టి, పాట ఒకటికి రెండుసార్లు పాడించి తరగతికి వచ్చేసరికి బల్లమీద దేనిమీదో తువ్వాలు కప్పి ఉంది. పెద్ద టీచరమ్మ గారు దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నువ్వు హడావిడిలో ఉన్నావని చేపని నేనే తెప్పించేనమ్మా. ఆసుపత్రి నుంచి గాజు జాడీ కూడా అడిగి తెచ్చేను, అందరికీ కనిపిస్తుందని. అప్పుడే తీయకు. సమయం వచ్చినప్పుడు తీద్దువుగాని" అన్నారు. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఇంతలో గేటు దగ్గర జట్కా ఆగింది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు పొడగరి, కళ్ళద్దాలు, పట్టు అంచు చీర. నమస్కారం పెడితే తల ఊపారు తప్ప నవ్వలేదు. వెనక బెంచీ మీద కూర్చుంటారనుకుంటే కుర్చీ వేయించుకుని నా బల్లకు ఎదురుగానే కూర్చున్నారు. కిటికీ అవతల, వసారాలో, నాన్న గడ్డం కిటికీ అంచుకి ఆనించి నిలబడి ఉన్నాడు. రేవులోనే ఉంటానన్న మనిషి ఆగలేక వచ్చేసినట్టున్నాడు.

ఇద్దరు పిల్లల్ని లేపి, స్కూలు చుట్టూ ఒక చుట్టు పరుగెత్తి రమ్మన్నాను. వాళ్ళు రివ్వున వెళ్ళి ఒగరుస్తూ వచ్చారు.

"పరుగు ఆపేశారు కదా, ఇంకా ఎందుకు ఒగరుస్తున్నారర్రా?"

"అలుపండి."

"అలుపంటే ఏమిటి?"

ఎవరికీ తెలియలేదు. ఒకమ్మాయి మాత్రం "అలుపంటే అలుపేనండి" అంది. ఇన్‌స్పెక్ట్రెస్ గారి పెదవి మీద ఏదో కదిలినట్టు కనిపించింది, నవ్వో చిరాకో తెలియలేదు.

"మీ ఇళ్ళకి నీళ్ళెలా వస్తాయి?" అనడిగాను.

"కాలవ నుంచి కావిడి మీద తెస్తారండి."

"కావిడి ఇంకా రాలేదు. దాహమేసింది. అప్పుడు?"

"మూలన కుండలో ఉంటాయి కదండి!"

"అదీ సంగతి. మీ రక్తమే కావిడి. ఊపిరితిత్తులు కాలవ రేవు. అక్కడ ప్రాణవాయువు నింపుకుని రక్తం ఒళ్ళంతా తిరిగి పంచుతుంది. కానీ కండ కూడా తెలివైన ఇల్లాలే. తన మూలన తనూ ఒక చిన్న కుండ పెట్టుకుంటుంది. మీరు దబదబా పరుగెత్తారనుకోండి, కావిడి వచ్చేలోపే ఆ కుండలోది వాడేస్తుంది. పరుగు ఆపాక కుండ మళ్ళీ నింపాలి, ఇల్లంతా సర్దాలి. అందుకని కావిడి రెండింతలు తిరుగుతుంది. అదే మీ ఒగర్పు."

పరుగెత్తి వచ్చిన పిల్లలు తమ పిక్కల్ని వింతగా తడుముకున్నారు. కండలో కుండ ఉందంటే ఎవరికైనా తడిమి చూసుకోవాలనే ఉంటుంది.

"ఈ కుండకి రంగుంది. ఎరుపు. ఎక్కువ కాలం పనిచేసే కండలో ఈ కుండ పెద్దది, అందుకని ఆ కండ ఎర్రగా, ముదురుగా ఉంటుంది. ఊరికే కూర్చునే కండ తెల్లగా ఉంటుంది. ఇది మీలో ఎవరైనా చూశారా?"

మాంసం మాట నేను ఎత్తకూడదని పెద్ద టీచరమ్మ గారికి మాటిచ్చాను. నేను ఎత్తలేదు. పిల్లలే ఎత్తారు. ఆదివారం ప్రార్థన అయ్యాక కోడికూర తినే పిల్లలు వాళ్ళు.

"కోడి కాలు ముక్క నల్లగా ఉంటదండి! రొమ్ము ముక్క తెల్లగా ఉంటదండి!"

"కోడి రోజంతా ఏం చేస్తుంది?"

"గీరుతుందండి! కాళ్ళతో!"

"ఎగురుతుందా?"

"కుక్క తరిమితే గోడెక్కుద్దండి, అంతేనండి."

"మరి శీతాకాలంలో కొల్లేటికొచ్చే బాతు?"

అందరూ ఒక్కసారే అరిచారు. బోల్డంత దూరం ఎగిరి వస్తుందండి, రొమ్మంతా ఎర్రగా ఉంటుందండి, మా నాన్న కాల్చుకొచ్చేడండి, మా అమ్మ మిరియాలు వేసి వండిందండి అని ఒకరి మీద ఒకరు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు చేతిరుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పెద్ద టీచరమ్మ గారు నా వైపు చూసిన చూపుకు నేను చూరు వైపు చూశాను. అయినా ఏం చెయ్యను, నాకు లోపల సంతోషం పొంగిపోతోంది. ఆ పిల్లలకు పాఠం కడుపులోంచి వస్తోంది.

మా లంకల వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది, పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ పిల్ల లేచి, "నీటికాకి మునిగిందంటే మళ్ళీ ఎక్కడ తేలుతుందో తెలీదండి. దాని కుండ చాలా పెద్దదాండి?" అంది.

"చాలా పెద్దది" అన్నాను. "మనకి మూలన చెంబంత ఉంటే దానికి బానంత. నీటి కింద దానికి కావిడి రాదు కదా. పైనుంచి తెచ్చుకున్నదే కడదాకా సరిపెట్టుకోవాలి."

పాఠం ఇంత బాగా సాగుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. కిటికీ వైపు చూస్తే నాన్న నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇక చేపను చూపించి ముగించడమే అనుకున్నాను. నీటిలో కూడా గాలి కొంచెం కరిగి ఉంటుందని, మామూలు చేపలు మొప్పలతో దాన్నే తీసుకుంటాయని, కొర్రమీనుకు మాత్రం అది చాలదని చెప్పాను. దాని మొప్పల పైన గాలి పట్టుకునే చిన్న గది ఉంటుందని, అందుకే పైకి వచ్చి గాలి మింగుతుందని చెప్పి, "ఇప్పుడు చూడండి" అంటూ తువ్వాలు తీశాను.

జాడీ అంచుదాకా నిండుగా నీళ్ళు. తళతళలాడుతున్నాయి, బురదా లేదు, నాచూ లేదు. మూతికి పల్చని గుడ్డ బిగించి కట్టి ఉంది. గుడ్డ నీటికి అంటుకుపోయింది. దాని కింద చేప ముక్కు ఆనించి, ఒరిగిపోయి, నోరు చాలా నెమ్మదిగా తెరుస్తోంది, మూస్తోంది.

"ఈ నీళ్ళెవరు మార్చేరు?" అన్నాను. అన్నానంటే అరిచానన్నమాట.

"నేనేనమ్మా" అన్నారు పెద్ద టీచరమ్మ గారు, మెప్పు కోసం చూస్తూ. "ఆ కుండలో చూస్తే నీళ్ళు అడుగంటిపోయాయి. పాపం ఎలా ఉంటుంది? పైగా ఆ బురద! అమ్మగారి ముందు ఏం బాగుంటుంది? రాత్రే నీళ్ళు కాచి, చల్లార్చి, మూడు మడతల గుడ్డలో వడగట్టించేను. తెల్లవారగానే నిండా పోయించేను."

"మరి ఈ గుడ్డ?"

"ఎగిరి అమ్మగారి మీద పడితేనో?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ముడి ఊడదీసేంత ఓపిక లేక గుడ్డను పంటితో చింపాను. చెయ్యి పెట్టి చేపను బయటికి తీసి తడి తువ్వాలు మీద పడుకోబెట్టాను. అంతే, ఇన్‌స్పెక్ట్రెస్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏమిటమ్మాయ్ ఆ పని! నీళ్ళలోంచి తీస్తే చచ్చిపోదూ? వెంటనే నీళ్ళలో వెయ్యి!"

"నీళ్ళలో వేస్తేనే చచ్చిపోతుందండీ!"

"నేను చెబుతున్నాను, వెయ్యమంటున్నాను!"

"వెయ్యనండీ! మీరు కూర్చోండి!"

ఇన్‌స్పెక్ట్రెస్ గారిని కూర్చోమని అరిచిన మనిషి ఏలూరులో అంతకుముందు పుట్టి ఉండదు. పెద్ద టీచరమ్మ గారు గోడకు ఆనుకున్నారు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు నిజంగానే కుర్చీలో కూర్చుండిపోయారు. చేప కదలడం లేదు. నేను దాని మీద కొంచెం కొంచెం నీళ్ళు చిలకరిస్తూ నిలబడ్డాను. ఉద్యోగం సంగతీ తాడేపల్లిగూడెం సంగతీ అప్పుడు నాకు గుర్తుకు రాలేదు. అది బతకాలి, అంతే.

ముందు బెంచీలో ఒకమ్మాయి సన్నగా, "ప్రార్థన చేద్దామాండి?" అంది.

"చెయ్యండి. కళ్ళు మాత్రం మూసుకోకండి. చూడండి."

పిల్లలు కళ్ళు ఇంతలేసి చేసుకుని ప్రార్థన చేశారు. కాసేపటికి చేప నోరు కాస్త పెద్దగా తెరుచుకుంది. గుటుక్కుమని చిన్న చప్పుడు. మళ్ళీ ఒకటి. మొప్ప రెక్క లేచి పడింది. ఒక గుటకకూ ఇంకో గుటకకూ మధ్య ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత తోక ఒక్కటే ఒక్క దెబ్బ బల్లమీద కొట్టి, కొర్రమీను గాల్లోకి లేచి, సరిగ్గా పెద్ద టీచరమ్మ గారు భయపడినట్టే, ఇన్‌స్పెక్ట్రెస్ గారి ఒళ్ళో పడింది.

ఆవిడ కెవ్వుమని కుర్చీ ఎక్కారు. పిల్లలు బెంచీలెక్కారు. చేప గదంతా ఒక తిరుగు తిరిగింది. చివరికి ఆ లంక పిల్ల మెల్లిగా వెళ్ళి, తల వెనక రెండు చేతులతో ఒడుపుగా పట్టి, మూలనున్న బకెట్లో వేసింది. నేను వంటింటి వెనకనుంచి కాచని కాలవ నీళ్ళు తెప్పించి జానెడు పోశాను. అది ఒక్క క్షణం అడుగున ఆగి, పైకి వచ్చి గాలి మింగి, ఏమీ జరగనట్టు కిందికి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు మిగిలిన పాఠం చెప్పాను. అండాలో నీళ్ళు కాగేటప్పుడు ముందుగా చిన్న చిన్న బుడగలు లేస్తాయే, అవి నీటిలో కరిగి ఉన్న గాలి. బాగా కాస్తే అది పోతుంది. అంటే ఈ జాడీలో లోపల గాలి కరువు, పైన గుడ్డ అడ్డం. శుభ్రానికి లోటు లేదు, ఊపిరికే లోటు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు కుర్చీ దిగి, చీర దులుపుకుని, కళ్ళద్దాలు సర్దుకుని పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు.

"అయితే కాచిన నీళ్ళు మంచివి కావన్నమాట. మనం కూడా తాగకూడదా?"

పెద్ద టీచరమ్మ గారి ముఖం పాలిపోయింది. 'అలుపంటే అలుపే' అన్న అమ్మాయే లేచింది.

"మనం నీళ్ళలో ఊపిరి పీల్చుకోం కదండి. తాగుతామంతేనండి. అందుకని కాచుకునే తాగాలండి."

ఇన్‌స్పెక్ట్రెస్ గారు "ఊఁ" అన్నారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. "సంగతి తర్వాత తెలియజేస్తాం" అని జట్కా ఎక్కి వెళ్ళిపోయారు. చీర కుచ్చెళ్ళ మీద రెండు పొలుసులు మెరుస్తుండడం అందరమూ చూశాం, ఎవరమూ చెప్పలేదు.

ఆవిడ ఏం తేల్చారో తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఉద్యోగం నిలిచింది. కానీ అది తెలియకముందు జరిగిన సంగతే నాకు ముఖ్యం.

ఆవిణ్ణి సాగనంపి వెనక్కి వచ్చేసరికి కిటికీ దగ్గర నాన్న లేడు. రేవులో చూస్తే దోనె ఉంది, ఆయన లేడు. మా స్కూలు కాపలాదారు చెప్పాడు: "మీ నాన్నగారు రైలుకెళ్ళేరమ్మా. తాడేపల్లిగూడెం వెళ్ళాలని గబగబా పోయేరు."

ఆయన అంతా చూశాడు. నేను ఇన్‌స్పెక్ట్రెస్ గారి మీద అరవడం, చేప ఆవిడ ఒళ్ళో పడడం, ఆవిడ ముభావంగా వెళ్ళిపోవడం, అన్నీ. ఇక ఉద్యోగం పోయినట్టేనని తేల్చుకుని, ఇచ్చిన మాట ప్రకారం ప్రధానానికి రోజు చూడమని చెప్పడానికి వెళ్ళాడన్నమాట. ఒక్కపూట ఆగలేకపోయాడు! ఆ సాయంత్రం నేను తినలేదు. పెద్ద టీచరమ్మ గారు పాలు కాచి తెచ్చి, "నా మూలంగానే కదమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిణ్ణి ఓదార్చే పని కూడా నాకే పడింది. నాన్న వస్తే ఏమేం అనాలో మనసులో పేర్చుకున్నాను. అన్నీ పదునైన మాటలే.

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టేవేళకు ఆయన వచ్చాడు. తరగతి గుమ్మం దగ్గర నిలబడి, పిల్లలు బయటికి వెళ్ళేదాకా ఆగాడు. రైలు దిగి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది.

"మామయ్యని కలిశావా?" అన్నాను, గొంతులో ఉన్న విషమంతా ఆ ఒక్క మాటలో పెట్టి.

"కలిసేనమ్మా."

"ప్రధానం ఎప్పుడన్నాడు?"

"లేదమ్మా. ఈ సంబంధం వద్దండీ బావగారూ అని చెప్పేసేను."

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి. వద్దు అన్న మాట ఆయన నోట్లోంచి నేను వినడం అదే మొదటిసారి. దాన్ని పలకడం కూడా ఆయనకు సరిగ్గా అలవాటు లేనట్టే ఉంది.

"నువ్వే చెప్పావా? మామయ్యతో?"

"నిన్న కిటికీలోంచి చూసేనమ్మా. అంత పెద్దావిడ వెయ్యమంటే నువ్వు వెయ్యనన్నావు. 'అలాగేనండీ' అని ఉంటే అది చచ్చిపోయేది. అది చూసేక నాకు నిలబడబుద్ధి కాలేదు. ఇప్పుడు వెళ్ళి చెప్పకపోతే మళ్ళీ చెప్పలేనేమోననిపించింది."

"అరిచావా నాన్నా?"

"లేదమ్మా. మెల్లిగానే చెప్పేను." సిగ్గుపడుతూ నవ్వాడు.

"మామయ్య ఎందుకని అడగలేదా?"

"అడిగేరు. చాలాసార్లు అడిగేరు."

"పాఠం బాగా అయిందని చెప్పావా? ఉద్యోగం ఖాయమవుతుందని చెప్పావా?"

"అదేం చెప్పలేదు. మా అమ్మాయికి ఇష్టం లేదండీ అన్నాను."

"అంతేనా?"

"అంతేనమ్మా. ఇంకేం చెప్పాలి?"

ఇన్ని నెలలుగా మామయ్యా, నాన్నా, నేనూ ఉద్యోగం గురించి మాట్లాడుకున్నాం, ఇన్‌స్పెక్షను గురించి మాట్లాడుకున్నాం. ఎంత గొడవ చేసినా నేను కూడా ఆ ఒక్క మాట అనలేదు. అది చాలినంత కారణమని నాకే తోచలేదు.

"ఉద్యోగం పోతేనో నాన్నా? అప్పుడేం చేస్తావు?"

"పోతే పోతుంది" అన్నాడు నాన్న, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "అది పోయినంతమాత్రాన నీకు ఇష్టం పుట్టుకొస్తుందా ఏంటమ్మా?"

నేను ఆ గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చేశాను. వసారాలో పిల్లలు నిలబడి చూస్తున్నా ఆపుకోలేదు.